సబ్‌స్టెన్స్ పి గారికి ఓ ముక్కు బాధితుడి విన్నపం

అయ్యా, నరాల కొసల్లో కాపురముండే రసాయనం సబ్‌స్టెన్స్ పి గారూ,

నిన్న రాత్రి అటక మీంచి పాత పుస్తకం దించి, దాని మీది దుమ్మును ఉఫ్‌మని ఊదాను. నేను చేసిన నేరం అంతే. వరసగా పద్నాలుగు తుమ్ములు. పదిహేనోది నోరు తెరిపించి, మొహమంతా వంకర తిప్పించి, తీరా రాకుండానే వెళ్లిపోయింది. ఆ పద్నాలుగూ క్షమిస్తాను గానీ దీన్ని మాత్రం క్షమించలేను.

అసలు మీ ఉద్యోగమేమిటి? ముక్కు లోపలి పొరలో, మొహం మీది స్పర్శను మెదడుకు చేరవేసే ట్రైజెమినల్ నరం కొసల్లో కాపలా. దుమ్మో ఘాటో తగిలితే కబురు మెదడుకు చేరాలి. అది పైకి పోతుండగానే అదే నరం పక్క కొమ్మల్లోకి మళ్లుతుంది, అక్కడ మీరు పొరలోకి దూకేస్తారు. తోడు సీజీఆర్‌పీ అనే మరో నరాల రసాయనం. ఆయన రక్తనాళాలను వెడల్పు చేస్తే, మీరు వాటి గోడల సందులు తెరిచి నీరు బయటికి వదుల్తారు. వాచేది నా ముక్కు! డాక్టర్లు దీన్ని న్యూరోజెనిక్ ఇన్‌ఫ్లమేషన్, అంటే నరాలు పుట్టించే వాపు, అంటారు. గోరంతను కొండంత చేయడమని మేమంటాం.

ఇక ఎసిటైల్‌కోలిన్ అనే ఇంకో నరాల రసాయనం. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెల మీద చేసిన ప్రయోగంలో బయటపడ్డ పెద్దమనిషి. గుండె దగ్గర నెమ్మదిగా ఉండమనే ఈయన, ముక్కులోకి వచ్చేసరికి గ్రంథులన్నిటినీ కుళాయిల్లా తిప్పేస్తాడు. వెంట వీఐపీ ఒకరు. పేరు చూసి లేచి నిలబడబోయాను, తీరా చూస్తే మొదట పేగుల్లో దొరికిన 28 అమైనో ఆమ్లాల గొలుసు!

మీలో కాస్త పనిచేసేది నార్‌అడ్రినలిన్ ఒక్కడే. రక్తనాళాలను బిగించి గాలికి దారిస్తాడు. అదీ వంతులవారీగా: కొన్ని గంటలు ఈ రంధ్రం, కొన్ని గంటలు ఆ రంధ్రం. పోనీలే అని ఒకసారి ఆయన పనే చేసే చుక్కల మందు వాడాను. మొదటి మూడు రోజులు హాయి. రెండో వారానికి ఆ సీసా లేకపోతే ముక్కు తెరుచుకోనంది.

మీ జాతకం కూడా చూశాను. 1931లో వాన్ ఆయిలర్, గాడమ్ అనే శాస్త్రవేత్తలు గుర్రం మెదడు, పేగుల నుంచి మిమ్మల్ని తీశారు. పి అంటే పౌడరట. అంటే మీరూ పొడే, నా పుస్తకం మీద ఉన్నదీ పొడే. సొంత చుట్టం గుమ్మంలోకి వస్తే ఇంత రభసా?

సరే, జరిగిందేదో జరిగింది. ఆ పదిహేనోది బాకీ ఉంది, అదైనా తీర్చండి. ఇదిగో, వస్తోంది... ఆ... ఆ...

లేదు. మళ్లీ వెళ్లిపోయింది.

ఇట్లు,
రుమాలు తడిసినవాడు