కేరాఫ్ 56 ఏపీవో

మా శ్రీకాకుళం జిల్లాలో తెల్లవారుజామున నాలుగున్నరకి రోడ్డు మీద ఎవడైనా పరిగెడుతూ కనిపిస్తే దొంగ అనుకోరు. ఆర్మీ సెలెక్షన్లకు ప్రాక్టీసు చేస్తున్నాడనుకుంటారు. కుక్కలు కూడా మొరగడం మానేశాయి. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే పూర్తి మార్కులన్న సంగతి మా ఊళ్ళో పాలు పోసే అవ్వకు కూడా తెలుసు. అగ్నివీర్ వచ్చాక ఈ పరిజ్ఞానం ఇంకా ముదిరింది. నాలుగేళ్ళ సర్వీసు, ఆ తర్వాత వందలో పాతికమందికే కొనసాగింపు, బయటికొచ్చేవాళ్ళకి 11.71 లక్షల సేవానిధి అని రామమందిరం అరుగు మీద కూర్చుని వడ్డీతో సహా చెప్పేవాళ్ళున్నారు. ఇన్ని తెలిసిన ఊరికి తెలియనిది ఒక్కటే, ఆర్మీవాడి అడ్రసు.

మా అప్ప, అంటే మా అక్క, కొడుకు సెలెక్టయి జబల్‌పూర్‌లో ట్రైనింగుకు వెళ్ళాడు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కించాం. ఆ స్టేషన్ శ్రీకాకుళంలో ఉండదు, ఆమదాలవలసలో ఉంటుంది. పేరొక చోట, ఊరొక చోట ఉండడం మాకు పుట్టినప్పటి నుంచి అలవాటే. అయినా ఈ అడ్రసు దగ్గర మాత్రం బోల్తా పడ్డాం.

ట్రైనింగులో ఫోన్లు దగ్గర ఉంచుకోనివ్వరు. ఆదివారం కాసేపు చేతికిస్తారు. ఆ కాసేపట్లో తల్లి ఏడవాలి, తండ్రి జాగ్రత్తలు చెప్పాలి, నానమ్మ ఫోను తలకిందులుగా పట్టుకుని "వినబడతందా బావూ" అని అరవాలి. వీటన్నిటి మధ్య దొరికిన సందులో మావాడు చెప్పింది ఇదీ: "అమ్మా, సూదీ దారం పంపు. బొత్తం ఊడితే ట్రైనింగిచ్చే ఉస్తాద్ ఊరుకోడు. తినేవేటీ పంపకు. లంగర్లో బాగానే పెడతన్నారు."

మా అప్పకి "పంపు" అన్నది వినబడింది. "పంపకు" అన్నది వినబడలేదు. ఆ రాత్రే బియ్యం నానబోసింది.

అరిసెలంటే మా అత్తకి, అంటే వాడి నానమ్మకి, పండగ కన్నా పెద్ద వ్యవహారం. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. బెల్లం పాకం ఉడుకుతుంటే పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేయడం, వేలితో కూడదీసి చూడడం, "ఇంకా రానేదు" అనడం. మళ్ళీ చుక్క, మళ్ళీ "రానేదు". చివరికి ఆ చుక్క ఉండై వేళ్ళ మధ్య నిలబడితే అప్పుడు తడిపిండి పొయ్యనిచ్చింది. నువ్వులద్దడం, నూనెలోంచి తీసి చెక్కల మధ్య నొక్కడం, చాప మీద ఆరబెట్టడం అయ్యేసరికి ఇంట్లో పిండి పడని చోటు లేదు. పిల్లి మీసాలకు కూడా ఉంది. ఎవరూ చూడనప్పుడు ఎండు నెత్తళ్ళ పొట్లం ఒకటి అరిసెల కింద దాచబోయింది మా అత్త. మా బావ పట్టుకున్నాడు. "బేరక్సులో ఆ వాసనొస్తే శత్రువు గేసు వదిలేశాడనుకుంటారే అమ్మా" అని బతిమాలి బయటికి తీయించాడు.

డబ్బాలో పెట్టి, పాత పంచెతో సంచి చేసి, దబ్బనంతో మా బావే కుట్టాడు. చాప మీదే కూర్చుని కుట్టాడు కాబట్టి సంచి నిండా బియ్యప్పిండే. ఈ పిండిని గుర్తుంచుకోండి.

పదో తరగతి చదివే మా మేనకోడలు అన్నయ్య పంపిన మెసేజి చూసి స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషులో అడ్రసు రాసింది. నంబరు, పేరు, కంపెనీ, తొమ్మిదితో మొదలయ్యే పిన్‌కోడు, ఆఖరున కేరాఫ్ 56 ఏపీవో. పై లైన్లన్నీ చీమల్లా వచ్చాయి. చోటు మిగిలిపోయిందని ఆఖరి లైను మాత్రం సినిమా పోస్టరంత రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

"కేరాఫ్ అంటే ఎవులింట్లో ఉంటన్నాడే?" అంది మా అత్త.

"ఏపీవోలో."

"యాభై ఆరు మంది ఏపీవోలా! తలొకటీ తీసుకుంటే గుంటడికి ఏటి మిగుల్తాది?"

కుట్టు విప్పించి ఇంకో గిన్నెడు అరిసెలు వేయించాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఆవిణ్ణి అనడానికేం లేదు. మా పల్లెల్లో ఏపీవో అంటే మండల ఆఫీసులో ఉపాధి హామీ పనులు చూసే అధికారి. అటు సీతంపేట వైపు వెళ్తే ఐటీడీఏలో ఇంకో రకం ఏపీవో ఉంటారు. ఎవరైనా సరే బైకు మీదో జీపులోనో వచ్చే మనిషే. ఏపీవో అనేది ఆర్మీ పోస్టాఫీసు అని, జవాను ఏ కొండ మీద ఉన్నాడో కవరు మీద కనబడకుండా ఊరి పేరు దాచి అంకె వేస్తారని, 56 అన్నవి ముందు ఢిల్లీ బేస్ పోస్టాఫీసుకి, 99 అన్నవి కోల్‌కతాకి పోయి అక్కణ్ణుంచి విడిపోతాయని ఎవరు చెప్పారు కనక? ఊరి పేరు దాచేది శత్రువుకి తెలియకూడదని. మా వాళ్ళకి తెలియకపోవడం అదనపు లాభం.

సోమవారం మా ఊరి పోస్టాఫీసు తలుపు తాళం తీయలేదు. పోస్టాయన మీటింగుకి వెళ్ళాడు. మా బావ అన్నగారు, అంటే మా పెద్ద బావ, మండలం వెళ్తున్నానని సంచి అందుకున్నాడు. పోస్టాఫీసు ఎక్కడో తెలుసా అని మా అప్ప అడిగితే "అడ్రసుందిగా" అన్నాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. వచ్చినవాణ్ణి అడగడం వచ్చు. ఆటో డ్రైవరుని అడిగాడు. డ్రైవరు సంచి ఓసారి తిప్పి, పోస్టరంత ఉన్న లైనొక్కటీ చదివి, "ఏపీవో గారికేటి? ఎంపీడీవో ఆఫీసు దగ్గర దింపుతాను" అన్నాడు. పోస్టాఫీసు అక్కడికి రెండు కొట్ల అవతలే.

సోమవారమంటే అర్జీల రోజు. వరండా నిండా జనం. అటెండరు మా పెద్ద బావని లైన్లో నిలబెట్టి "అర్జీ ఏదీ?" అన్నాడు. ఈయన సంచి చూపించాడు. ఇక్కణ్ణుంచి నాకు అటెండరు చెప్పిందే చెప్తున్నాను. తర్వాత ఎన్ని టీలు పోయించినా ఒక్క ముక్క మార్చలేదు కాబట్టి నమ్ముతున్నాను.

వంతు రాగానే మా పెద్ద బావ సంచి తీసుకెళ్ళి నేరుగా ఏపీవో గారి బల్ల మీద పెట్టాడు. "ఇది మీకే బాబూ. పేరు కూడా రాసి ఉంది" అన్నాడు. వరండా అంతా నిశ్శబ్దం. ఏపీవో గారు అప్రయత్నంగా సంచి పట్టుకుని తిప్పి చూశారు. తన హోదా కనబడింది. పక్కన 56 కనబడింది. మా ఊరి ఉపాధి మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, కంప్యూటరెక్కక చాలా రోజులయింది. పదిహేను రోజుల్లో కూలి పడాలని చట్టంలో ఉందని మేటు అప్పటికే రెండుసార్లు వచ్చి గొడవపడి వెళ్ళాడు. ఆ కూలీలంతా చందాలేసుకుని ఏదో సమర్పించుకున్నారనే లెక్క ఆయన బుర్రలో ఒక్క క్షణంలో తేలిపోయింది.

అదైనా నయమే. అప్పుడు చేతుల కేసి చూసుకున్నారు. పదివేళ్ళకీ తెల్లటి పొడి.

ఎదురు గోడ మీద ఏసీబీ వాళ్ళ పోస్టరు. 'లంచం అడిగితే 1064కి ఫోన్ చేయండి.'

ఏసీబీ వాళ్ళు నోట్లకి పూసేది ఫినాఫ్తలీన్ అనే తెల్ల పొడి. ఆ నోట్లు ముట్టుకున్నవాడి చేతులు సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. పేపర్లో ఆ సీసాల ఫోటో చూడని ఉద్యోగి ఆంధ్రదేశంలో ఉండడు. ఏపీవో గారు కుర్చీ వెనక్కి తన్ని లేచి, రెండు చేతులూ పైకెత్తి, "నేనడగలేదు! అందరూ చూస్తున్నారు, నేనడగలేదు!" అని కేకేశారు. అర్జీల జనంలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి ఏమైందోనని లేచి నిలబడ్డాడు. అది పింఛను కోసం వచ్చిన రిటైర్డు వీఆర్వో. ఆయన్ని చూసి ఏపీవో గారు డీఎస్పీ అనుకున్నారు.

అటెండరు చేత మంచినీళ్ళ సీసా పోయించుకుని చేతులు కడిగారు. కిందపడిన నీళ్ళు రంగు మారాయా అని వంగి చూశారు. మారలేదు. ఉత్త నీళ్ళలో అది నిజంగా ఫినాఫ్తలీనే అయినా మారదు, క్షారం తగలాలి. హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఆయన కూడా చదువుకున్నదే. ఆ పూట టైట్రేషన్లు గుర్తుకు రాలేదంతే.

మా పెద్ద బావకి ఇవేవీ పట్టలేదు. "అరిసెలు బాబూ. గుంటడు మీ కేరాఫులోనే ఉన్నాడంట కదా" అన్నాడు.

"ఏ గుంటడు?"

"జబల్పూరు గుంటడు."

నాకు ఫోనొచ్చింది. బడి గంట కొట్టించి పరిగెత్తాను. వెళ్ళేసరికి సంచి వరండా మధ్యలో ఒంటరిగా ఉంది. చుట్టూ జనం, బాంబుకి దూరంగా నిలబడ్డట్టు. ఎవరూ ముట్టుకోవడం లేదు, వాసన మాత్రం అందరూ పీలుస్తున్నారు. నేను అడ్రసు మొత్తం చదివి విషయం చెప్పాను. ఏపీవో గారు నమ్మలేదు. ఒక చోట కుట్టు విప్పి అరిసె తీసి చూపించాను. తినమంటే రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నారు. సాక్షుల ముందు అరిసె తినే స్థితిలో లేరాయన. ఆ ముక్క వీఆర్వో గారు తిన్నారు. పాకం బాగా కుదిరిందన్నారు.

పోస్టాఫీసులో కౌంటరాయన అడ్రసు చూడగానే "ఢిల్లీ బేస్" అని, తూకం వేసి, నూనె బయటికి దిగుతోందని పైన ప్లాస్టిక్ కవరు తొడిగించాడు. మా పెద్ద బావ మాత్రం ఒప్పుకోలేదు. "జబల్పూరుకి ఢిల్లీ మీంచేటి? రాయపూరు మీద పంపండి, దగ్గరవుతాది" అన్నాడు. ఆయన అయ్యప్ప మాల తప్ప ఎప్పుడూ జిల్లా దాటలేదు, కానీ రైళ్ళ సంగతి ఎవరినీ చెప్పనివ్వడు. స్పీడ్‌పోస్టు సంచుల్ని రాయపూర్ వైపు మళ్ళించే అధికారం తనకు లేదని కౌంటరాయన మర్యాదగానే చెప్పాడు.

పార్సిలు చేరింది. ఆ వచ్చిన ఆదివారం మావాడి గొంతులో ఏడుపో నవ్వో తెలియడం లేదు. ఉస్తాద్ ఎదురుగా విప్పించాడట. హర్యానా మనిషి, అరిసెని అటూ ఇటూ తిప్పి రొట్టెకి నువ్వులెందుకన్నాడట. ఆ తర్వాత ప్లటూను మొత్తం వరసగా వచ్చి తలొకటీ పట్టుకుపోయింది. మా అత్త లెక్క తప్పలేదు, వాడికి మిగిలింది అరముక్క.

"సూదీ దారం ఏదమ్మా?" అన్నాడు.

ఇంట్లో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"సూది లేదు గానీ సంచికి గుచ్చి దబ్బనం ఉంది. బొత్తం దాంతోనే కుట్టుకున్నాను. చొక్కాకి పడిన కన్నం చూసి, తూటా దెబ్బేటని అడిగాడు ఉస్తాద్."

ఇక్కడ మా ఊళ్ళో జరిగింది వేరు. ఆ సోమవారం సాయంత్రమే ఏపీవో గారు కంప్యూటరు దగ్గర కూర్చుని మా ఊరి పెండింగు మస్టర్లన్నీ దగ్గరుండి ఎక్కించారట. లెక్క చూస్తే 54 మందే తేలారు. సంచి మీద 56 అని ఉంది కదా, ఆ ఇద్దరెవరని ఆపరేటరుని నిలదీసి పాత రికార్డులు తిరగేయించారు. పోయిన వేసవిలో చెరువు పని చేసి, పేరు తప్పు పడినందువల్ల కూలి రాని ఇద్దరు ముసలమ్మలు దొరికారు.

అందులో ఒకరు మా అత్త.

డబ్బు పడిందని ఫోన్లో మెసేజి వస్తే మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఇంట్లో ఇంకో డబ్బాలో అడుగున మిగిలిన నాలుగు అరిసెలు కాగితంలో చుట్టి మా పెద్ద బావ చేతిలో పెట్టింది.

"ఆ ఏపీవో బాబుకి ఇచ్చీ. నానేటో అనుకున్నాను గానీ మంచోడే. మన గుంటడ్ని బాగానే సూసుకుంటన్నాడు కాబోలు."