పరమాణువు ఖాళీ గది కాదు: ఒక సందేశానికి ఖండన

కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది. పరమాణువులో 99.9999999 శాతం ఖాళీయేనట. ఉప్పల్ స్టేడియమంత పరమాణువులో కేంద్రకం పిచ్ నడుమ పెట్టిన బఠానీ గింజంత ఉంటుందట. ఎలక్ట్రాన్లు దాని చుట్టూ గ్రహాల్లా తిరుగుతాయట. ఆ ఖాళీని తీసేస్తే మానవజాతి మొత్తం ఒక చక్కెర బిళ్ళలో ఇమిడిపోతుందని, కూర్చున్న కుర్చీని మనం నిజానికి తాకడమే లేదని, కాబట్టి కణాదుడి పరమాణువూ శంకరుల మాయా రెండూ రుజువైనట్లేనని అది ముగుస్తుంది.

మొదట లెక్క చూద్దాం. హైడ్రోజన్ పరమాణువు వ్యాసార్థం సుమారు 53 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు), దాని కేంద్రకమైన ప్రోటాన్ వ్యాసార్థం 0.84 ఫెమ్టోమీటర్లు (ఫెమ్టోమీటరంటే పికోమీటరులో వెయ్యో వంతు), అంటే నిష్పత్తి దాదాపు 63,000. పిచ్ నుంచి బౌండరీకి 70 మీటర్లనుకుంటే హైడ్రోజన్ కేంద్రకం ఆవగింజంత అవుతుంది. బఠానీ పోలిక బంగారానికైతే చక్కగా సరిపోతుంది. ఘనపరిమాణంలో ప్రోటాన్ వాటా రెండున్నర కోట్ల కోట్ల భాగాల్లో ఒక్కటే కనుక, సందేశం చెప్పిన శాతం నిజానికి తక్కువే. లెక్కతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ 53 పికోమీటర్ల సరిహద్దు ఎవరు గీశారన్న దగ్గరే. దాన్ని గీసింది ఎలక్ట్రాన్. స్టేడియం ఎంత పెద్దదో చెప్పేటప్పుడు ఎలక్ట్రాన్‌ను లెక్కలోకి తీసుకుని, లోపల ఏముందో చెప్పేటప్పుడు దాన్నే లెక్కలోంచి తీసేస్తే మిగిలేది ఖాళీ కాక మరేమిటి?

గ్రహాల పోలిక ఇంకా బలహీనమైనది. రూథర్‌ఫర్డ్ 1911లో కేంద్రకాన్ని ప్రతిపాదించగానే ఎదురైన చిక్కే ఇది: విద్యుదావేశం గల కణం గుండ్రంగా తిరిగితే శక్తిని వెదజల్లుతూ సెకనులో సుమారు పది వేల కోట్లవ వంతు కాలంలో కేంద్రకంలో పడిపోవాలి. 1913లో బోర్ ఆ చిక్కును ఒక నియమంతో దాటవేశాడు; 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక కక్ష్య అన్న భావనే పోయింది. హైడ్రోజన్ కనిష్ఠ శక్తి స్థితిలో ఎలక్ట్రాన్‌కు కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా, అంటే అది దేని చుట్టూ తిరగడం లేదు. దాని తరంగ ప్రమేయం, అంటే అది ఎక్కడ ఎంత మేరకు ఉండగలదో చెప్పే గణిత రూపం, కేంద్రకం చుట్టూ గోళాకారంగా వ్యాపించి ఉంటుంది.

సందేశాన్ని సమర్థించేవారు బంగారు రేకు ప్రయోగాన్ని ముందుకు తెస్తారు: ఆల్ఫా కణాల్లో (ఎలక్ట్రాన్లు లేని హీలియం కేంద్రకాలివి) అత్యధికం రేకులోంచి దూసుకుపోయాయి కదా, అది ఖాళీకి రుజువు కాదా అని. దీనికి జవాబు రూథర్‌ఫర్డే 1909లో రాయిడ్స్‌తో కలిసి చేసిన మరో ప్రయోగంలో ఉంది. మిల్లీమీటరులో నూరో వంతు మందం కూడా లేని గోడ గల గాజు గొట్టంలో రేడాన్ వాయువును మూసిపెట్టారు. దానిలోంచి వెలువడిన ఆల్ఫా కణాలు గాజును చీల్చుకుని బయటి పాత్రలోకి వచ్చి, ఎలక్ట్రాన్లను చేర్చుకుని, హీలియంగా వర్ణపటంలో కనిపించాయి. అదే గొట్టంలో మామూలు హీలియం వాయువును నింపి చూస్తే అది బయటికి రాలేదు. కేంద్రకం అదే, గాజు అదే. మహావేగంతో వచ్చే, ఎలక్ట్రాన్ కన్నా 7,000 రెట్లకు పైగా బరువైన నగ్న కేంద్రకానికి గాజు అడ్డు కాలేదు. రెండు ఎలక్ట్రాన్లు తగిలించుకుని నింపాదిగా తిరిగే హీలియం పరమాణువుకు మాత్రం అది గోడే అయింది. తుపాకీ గుండు పొదను దాటిపోయినంత మాత్రాన పొద లేదనలేం.

వంటింటి ఉప్పు రాయి ఇంకా దగ్గరి సాక్ష్యం. సోడియం లోహంలో పరమాణు వ్యాసార్థం 186 పికోమీటర్లు. ఒక్క ఎలక్ట్రాన్ కోల్పోయి అయానుగా మారగానే అది 102కు కుంచించుకుపోతుంది. క్లోరిన్ సమయోజనీయ వ్యాసార్థం, అంటే బంధంలో ఉన్న రెండు క్లోరిన్ కేంద్రకాల మధ్య దూరంలో సగం, 99. ఒక ఎలక్ట్రాన్ చేరిన క్లోరైడ్ అయానుది 181. కేంద్రకాల్లో వెంట్రుకవాసి మార్పు లేదు, పరిమాణం మొత్తం ఎలక్ట్రాన్ల చేతిలోనే ఉంది. 102, 181 కలిపితే 283. ఉప్పు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.165 గ్రాములు, మోలు బరువు 58.44 గ్రాములు, వీటి నుంచి అవగాడ్రో సంఖ్యతో పక్కపక్క అయానుల మధ్య దూరం ఇంటర్ విద్యార్థి కూడా కట్టగలడు: 282 పికోమీటర్లు వస్తుంది. 1913లో బ్రాగ్ ఎక్స్ కిరణాలతో ఉప్పు స్ఫటిక నిర్మాణాన్ని తేల్చినప్పుడు బయటపడిందీ ఒకదాన్నొకటి ఆనుకుని పేర్చినట్టున్న ఈ అమరికే.

కుర్చీని తాకడం లేదన్న మాట సంగతి. కేంద్రకాలు ఢీకొంటేనే తాకినట్టని సందేశకర్త అనుకున్నట్టుంది. కానీ బంధం లేని రెండు పరమాణువులు ఎంత దగ్గరికి రాగలవో కొలిచి, అందులో సగాన్నే వాండర్‌వాల్స్ వ్యాసార్థం అంటాం. అంటే ఆ పరిమాణాన్ని నిర్వచించేదే తాకిడి. ఆ హద్దు దాటనివ్వనిది ముఖ్యంగా పౌలీ వర్జన నియమం, అంటే రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవన్న నియమం. నీటిపై 1,000 వాతావరణాల పీడనం పెట్టినా ఘనపరిమాణం దాదాపు 4 శాతమే తగ్గుతుంది, 99.9999999 శాతం ఖాళీ ఉన్న పదార్థం ఇంత మొండికేయదు.

చక్కెర బిళ్ళ లెక్క మాత్రం ఒప్పే. 800 కోట్ల మందిని, మనిషికి 50 కిలోల చొప్పున, కేంద్రక సాంద్రతకు కుదిస్తే సుమారు 2 ఘన సెంటీమీటర్లు వస్తుంది, బరువు 40 కోట్ల టన్నులు. అయితే అది ఖాళీని తీసేయడం కాదు, పరమాణువులనే నాశనం చేయడం. న్యూట్రాన్ నక్షత్రం పుట్టేటప్పుడు జరిగేది అదే: ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి న్యూట్రాన్లవుతాయి.

ఇక కణాదుడు, శంకరులు. కణాదుడి వైశేషికం బాహ్య ప్రపంచం సత్యమని వాదించే దర్శనం. దాని పరమాణువు నిత్యం, విభజనకు అందనిది. ఆ పరమాణు కారణవాదాన్నే శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయం రెండో పాదంలో పట్టుబట్టి ఖండించారు. ఒకరు గెలిస్తే మరొకరు ఓడే ఆ వాదంలో ఇద్దరినీ కలిపి గెలిపించినవారు ఆ భాష్యాన్ని తెరిచి చూసినట్టు లేదు.