ఈమ్ ఊరి కథలో పాస్టర్ ఒక్కడేనా?

ఆగస్టు ఆఖరి ఆదివారం వస్తోందంటే చాలు, ఎవరో ఒకరు అదే కథ షేర్ చేస్తారు. ఇంగ్లండ్‌లో ప్లేగు పక్క ఊళ్లకు పాకకుండా ఒక ఊరు ఊరంతా పొలిమేర దాటకుండా ఉండిపోయిందట, ఆ ఊరి కుర్ర పాస్టర్ మహా త్యాగి అట. డెర్బీషైర్‌లోని ఈమ్ గురించే. (స్పెల్లింగ్ చూసి ‘ఎయామ్’ అని చదివేస్తున్నారు, కాదు బాబూ.) కథ అబద్ధమని నేననను. చెప్పే తీరుకే నాకు ఒళ్లు మండుతుంది.

1665లో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి బట్టల మూట వచ్చింది, ప్లేగు దాంతోనే వచ్చిందంటారు. తడిగా ఉన్నాయని పనివాడు జార్జ్ వికార్స్ వాటిని మంట దగ్గర ఆరేశాడంటారు. సెప్టెంబర్ మొదటి వారంలోనే అతను పోయాడు. పద్నాలుగు నెలల్లో సుమారు 260 మంది.

1666 జూన్‌లో ఊరు దాటొద్దని పాస్టర్ విలియం మాంపెసన్ చెప్పాడు. చెప్తే వినేదెవరు? కొత్తగా వచ్చినవాడు. జనానికి నమ్మకమున్నది పాత పాస్టర్ థామస్ స్టాన్లీ మీద. ప్రభుత్వం పెట్టిన ప్రార్థన పద్ధతికి తలొగ్గనని పదవి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆయనొచ్చి పక్కన నిలబడ్డాకే ఊరు ఒప్పుకుంది. మీ పోస్టుల్లో ఆయన పేరేదీ?

ఇంకోటి. మాంపెసన్ తన పిల్లలిద్దర్నీ ముందే యార్క్‌షైర్ పంపేశాడు. తప్పనను, ఏ తండ్రైనా చేసే పనే. భార్య కేథరిన్ మాత్రం ఊళ్లోనే ఉండి ఆగస్టులో చనిపోయింది. కానీ పంపడానికి చోటే లేని పిల్లల సంగతో?

అదే ఆగస్టులో ఎలిజబెత్ హాంకాక్ అనే రైతు భార్య ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పూడ్చింది. గొయ్యి తవ్వడం, శవాన్ని ఈడ్చుకెళ్లడం, మళ్లీ ఇంటికొచ్చి మిగిలినవాళ్లకు నీళ్లు పట్టడం. ఇంకెవరూ లేరు. ఊళ్లో మార్షల్ హౌ అనేవాడు శవాలు పూడ్చేవాడు, కూలీ కింద చచ్చినవాళ్ల సామాన్లు పట్టుకుపోయేవాడట. తర్వాత వాడి భార్యా కొడుకూ పోయారు. ఇలాంటివాడూ ఆ ఊరివాడే మరి! వాడి ప్రస్తావన వస్తే త్యాగం కథకు మచ్చ పడుతుందేమో, ఎవరూ ఎత్తరు.

ఆగస్టు ఆఖరి ఆదివారం, అంటే ఆ ఊళ్లో ప్లేగుకు పోయినవాళ్లను తలుచుకునే ‘ప్లేగు ఆదివారం’ నాడు చర్చి ఆవరణలో కేథరిన్ సమాధి మీద పూలచక్రం పెడతారు. హాంకాక్ కుటుంబం సమాధులు ఊరి బయట పొలంలో, గుండ్రటి రాతి గోడ మధ్యన ఉన్నాయి. ఈసారి ఫొటో పెట్టేవాళ్లు అక్కడిదాకా నడవండి.