దత్తతకు ముప్పై ఏళ్లు నిండాల్సిందేనా?

పెళ్లయి రెండేళ్లు దాటిన ఇరవై నాలుగేళ్ల జంట వేరే దేశపు బిడ్డను దత్తత తీసుకోవాలనుకుంటే, డబ్బు కంటే ముందు వయసు అడ్డం వస్తుంది. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో దంపతులకు కనీస వయసు అంటూ లేదు; పెళ్లి కానివారికి మాత్రం 25 నిండాలి. కాబట్టి అక్కడి దంపతులు సొంత ప్రభుత్వం దృష్టిలో అర్హులే. కానీ బిడ్డ పుట్టిన దేశం కూడా ఒప్పుకోవాలి. కొలంబియాలో 25 నిండాలి. ఫిలిప్పీన్స్ 1995లో చేసిన చట్టం 27 అంది. చైనా అయితే విదేశీ దత్తతలు ఆపేసేనాటికి భార్యాభర్తలిద్దరికీ 30 నిండాలని పట్టుబట్టేది. ఒకే జంట, ఒకే సంసారం, ఒక దేశానికి పనికొస్తారు, మరో దేశానికి పనికిరారు.

ఈ అంకెలు పిల్లల మానసిక అవసరాలను లెక్కగట్టి పెట్టినవేమో అనిపిస్తుంది. చరిత్ర చూస్తే అలా కనిపించదు. 1804 నాటి ఫ్రాన్స్ సివిల్ కోడ్ ప్రకారం దత్తత తీసుకునేవారికి 50 ఏళ్లు దాటాలి, సొంత సంతానం ఉండకూడదు. అప్పట్లో దత్తత అంటే ఆస్తికి వారసుణ్ణి చూసుకోవడం. ఇంకా పిల్లలు పుట్టే వయసులో ఉన్నవాళ్లకు దత్తత దేనికన్నది ఆ నియమం వెనకున్న ఆలోచన. 1900లో అమల్లోకి వచ్చిన జర్మనీ సివిల్ కోడ్ కూడా 50 అనే అంది. ఆ తర్వాత అంకె దిగుతూ వచ్చింది. ఫ్రాన్స్‌లో 1923లో 40 అయింది, 1996లో 28, 2022 చట్టంతో 26. స్విట్జర్లాండ్ 2018లో 35 నుంచి 28కి తగ్గించింది. చైనా కథ ఇంకోలా ఉంది. 1991 చట్టంలో 35 ఏళ్లు నిండాలి, సంతానం ఉండకూడదు అని రాసింది. జనాభా నియంత్రణను ఎవరూ దత్తత పేరుతో తప్పించుకోకూడదన్నది అందులో ఒక ఉద్దేశం. తర్వాత దాన్ని 30కి తెచ్చింది.

ఇప్పుడు దత్తత ఉద్దేశమే మారిపోయింది. విదేశీ దత్తతలపై 1993లో దేశాల మధ్య కుదిరిన హేగ్ ఒప్పందం బిడ్డ ప్రయోజనాన్ని కేంద్రంగా పెట్టుకుంది. అది కనీస వయసు ఏదీ చెప్పదు. దత్తత కోరేవారి గురించి పంపే నివేదికలో వారి నేపథ్యం, ఆరోగ్య చరిత్ర, చుట్టూ ఉన్న పరిస్థితులు, దత్తత ఎందుకు కోరుతున్నారు, ఎలాంటి పిల్లల్ని పెంచగలరు అనేవి ఉండాలంటుంది. అయినా పాత ఆలోచన పోలేదు. మీకింకా వయసుంది కదా, సొంత పిల్లల కోసం ప్రయత్నించరా అన్న ప్రశ్న యువ దంపతులకు ఇప్పటికీ ఎదురవుతుంది. ఇరవైల్లోనే పిల్లలు పుట్టరని డాక్టర్లు తేల్చిన జంటలున్నాయి. పుట్టే అవకాశం ఉన్నా దత్తతే కావాలనుకునేవారూ ఉన్నారు. వాళ్ల నిర్ణయాన్ని తొందరపాటుగా కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వయసుతో పనే లేదని నేననను. విదేశీ దత్తతకు వచ్చే పిల్లల్లో చాలామంది నెలల పసికందులు కారు. ముందు సొంత దేశంలో కుటుంబం వెతకాలి, దొరక్కపోతేనే బయటికి పంపాలి అన్నది హేగ్ సూత్రం. అందువల్ల కాస్త పెద్ద పిల్లలు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్లతో కలిసి ఉన్నవాళ్లు, వైద్యం అవసరమైనవాళ్లు ఎక్కువగా ఉంటారు. ఆశ్రమంలో ఏళ్లు గడిపిన పదేళ్ల పిల్లకు ఇరవై మూడేళ్ల అమ్మ అక్కలా కనిపిస్తుందే తప్ప అమ్మలా కనిపించడం కష్టం. కాబట్టి బిడ్డకూ తల్లిదండ్రులకూ మధ్య వయసు తేడా అడిగే నియమం సబబైనదే. కొలంబియా 15 ఏళ్ల తేడా అడుగుతుంది, ఇటలీ 18. ఇటలీ పద్ధతి నాకు నచ్చుతుంది: విడిగా కనీస వయసు పెట్టలేదు, దంపతులైతే పెళ్లయి మూడేళ్లు అయి ఉండాలంటుంది, పెళ్లికి ముందు కలిసి బతికిన కాలాన్నీ పరిగణనలోకి తీసుకుంటుంది. బంధం నిలకడగా ఉందా అన్నదే కదా అసలు అనుమానం. దాన్ని నేరుగా అడిగితే సరిపోతుంది.

తేడా మరీ ఎక్కువ పెట్టినా చిక్కే. భారత్‌లో 2022 దత్తత నిబంధనల ప్రకారం ఈ తేడా 25 ఏళ్లకు తగ్గకూడదు. బంధువుల పిల్లలకు, సవతి పిల్లలకు మాత్రమే మినహాయింపు. ఇరవై ఎనిమిదేళ్ల దంపతులు మూడేళ్లు దాటిన బిడ్డను కోరలేరు. ఏడెనిమిదేళ్ల పిల్లలు ఎదురుచూస్తూనే ఉంటారు, వాళ్లను పెంచుకుంటామనే యువ జంటలు గుమ్మం బయటే ఉండిపోతారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

అర్హత వచ్చేదాకా ఆగితే పోయేదేముంది అనేవారు ఒక్కసారి తారీఖులు చూడాలి. ఇథియోపియా 2018లో విదేశీ దత్తతలు నిషేధించింది. 2024లో చైనా, దగ్గరి బంధువులకు తప్ప, ఆపేసింది. అమెరికాకు 2004లో దాదాపు 23 వేల మంది పిల్లలు దత్తతపై వస్తే, 2023లో 1,300 మంది కూడా రాలేదు. ఇందులో మంచి కారణాలూ ఉన్నాయి: దొంగ పత్రాలు, పిల్లల అమ్మకాలు బయటపడ్డాక కట్టుదిట్టం చేయక తప్పలేదు. కానీ చైనాకు అర్హులు కావడానికి ముప్పై నిండేదాకా ఆగినవారికి, నిండేసరికి ఆ దారే లేకుండా పోయింది.

అందుకే యువ దంపతులు ఏజెన్సీకి డబ్బు కట్టకముందే ఒక సంగతి రాతపూర్వకంగా తెలుసుకోవాలి: వయసును ఏ రోజుకు లెక్కిస్తారు? దరఖాస్తు రోజుకా, బిడ్డను కేటాయించే రోజుకా? అమెరికాలో పెళ్లి కానివారు 24 నిండగానే ముందస్తు దరఖాస్తు వేసుకోవచ్చు, బిడ్డ కోసం పిటిషన్ వేసే నాటికి 25 నిండితే చాలు. హోమ్ స్టడీకి (దత్తత కోరేవారి ఇంటినీ పరిస్థితులనూ పరిశీలించడానికి), పత్రాలకు నెలల తరబడి పడుతుంది కాబట్టి ఆ ఏడాది వృథా పోదు. దంపతులకు వయసు షరతు పెట్టే దేశాలు కనీసం ఈ వెసులుబాటైనా ఇవ్వాలి.