వంశంలో ఒక్క తగాదాకోరైనా ఉండాలి

మునిమనవల గురించి నిజంగా ఆలోచించే మనిషి ఎవరైనా సరే, ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. ఎవరో ఒకరి మీద కోర్టులో కేసు వేయాలి. పొలం గట్టు తగాదా అయితే మంచిది, పంది దొంగతనం అయితే ఇంకా మంచిది. అప్పు ఎగ్గొట్టడం, జామీను ఉండి ఇరుక్కోవడం, బావమరిదిని కర్ర తీసుకుని కొట్టడం కూడా పనికొస్తాయి. పనికిరానిది ఒక్కటే, పద్ధతిగా బతకడం. పద్ధతిగా బతికినవాడి ఆనవాలు నూటయాభై ఏళ్ల తర్వాత ఎవడికీ దొరకదు.

తమాషాకి చెప్పడం లేదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రం తూర్పు చివర, కొండల మధ్య పైక్ కౌంటీ అని ఒకటుంది. కౌంటీ అంటే మన జిల్లా అని పుస్తకాల్లో రాస్తారు కానీ ఒక్క కెంటకీలోనే అవి 120 ఉన్నాయి, కాబట్టి మండలం అనుకున్నా తప్పులేదు. ఇలాంటి కౌంటీల చుట్టూ అమెరికాలో రిటైరైన పెద్దమనుషులు బోలెడంతమంది తిరుగుతుంటారు. పూర్వీకుల వేట. కారు వేసుకుని రెండు రాష్ట్రాలు దాటొచ్చి, కోర్టు బిల్డింగులో దుమ్ముపట్టిన దస్తావేజుల పుస్తకాలు తిరగేస్తారు, కోడి కెలికినట్టున్న గొలుసుకట్టు రాతని భూతద్దంతో చదువుతారు, మధ్యాహ్నం కొండెక్కి పొదల్లో శ్మశానాలు వెతుకుతారు. సమాధి రాయి మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే పక్కనుంచి అద్దం పట్టుకుని ఎండ కొట్టిస్తారు, అప్పుడు నీడ పడి పేరు తేలుతుంది. కొందరు గడ్డం గీసుకునే నురగ కూడా పూసేవారట, దాంతో రాయి పాడవుతోంది మహాప్రభో అని శ్మశానాల వాళ్లు మొత్తుకుంటున్నారు. పోయినవాళ్లకి గడ్డం గీసే సంప్రదాయం ఇంకే దేశంలోనూ విన్నట్టు లేదు.

పుట్టుకను బట్టి ఎవరూ గొప్ప కాదు, అందరూ సమానమే అని 1776లో కాగితం మీద రాసుకున్న దేశం ఇది. అలా రాసుకున్నవాళ్ల తరఫున స్వాతంత్ర్య యుద్ధంలో సాయపడ్డవారి వంశంలోని ఆడవాళ్ల సంఘం 1890లో వచ్చింది, ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ అనే ఓడలో వచ్చి దిగినవాళ్ల వారసుల సంఘం 1897లో వచ్చింది. 1620లో ఆ ఓడలో వచ్చినవాళ్లు 102 మంది, అందులో సగం మంది మొదటి చలికాలం దాటలేదు. మిగిలిన సగానికి ఇవాళ వారసులం అనేవాళ్లు లక్షల్లో ఉన్నారు. ఎంత చలి దేశమైనా అంతలా కష్టపడ్డారంటే మెచ్చుకోవాల్సిందే.

సరే, పైక్‌కి వద్దాం. వేటలో మొదటి ప్రశ్న, మా ముత్తాత ఎక్కడుండేవాడు? ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాడు. పోయింది కౌంటీ. పైక్ కొండల్లో కదలని బండరాయి ఒకటుందనుకోండి. కాగితాల ప్రకారం అది 1738లో వర్జీనియా వాళ్ల ఆగస్టా కౌంటీలో ఉంది, 1772లో ఫిన్‌క్యాసిల్‌లో ఉంది, 1776లో కెంటకీ కౌంటీలో, 1780లో ఫయెట్‌లో ఉంది, ఆ తర్వాత కొండకి ఏ వైపున ఉందో దాన్నిబట్టి రెండు మూడు కౌంటీలు తిరిగి, 1800లో ఫ్లాయిడ్‌లో చేరి, 1821లో పైక్‌కి వచ్చి అలిసిపోయి ఆగింది. మధ్యలో 1792లో రాష్ట్రం కూడా మారింది. బండరాయికే ఇన్ని బదిలీలుంటే, మనిషి కాగితాల కోసం ఎన్ని ఆఫీసులు తిరగాలో చూడండి.

తిరిగితే మాత్రం ఉంటాయా? ఫ్లాయిడ్ కౌంటీ మొదటి కోర్టు 1808 ఏప్రిల్‌లో తగలబడింది, తొలినాళ్ల రికార్డులన్నీ దాంతోపాటే పోయాయి. ఇలాంటివాటికి ‘బర్న్‌డ్ కౌంటీ’ అని బిరుదుంది, వేటగాళ్లు ఆ మాట పలికేటప్పుడు కాస్త గొంతు తగ్గిస్తారు. వర్జీనియాలో ఇంకా బాగా జరిగింది. అంతర్యుద్ధంలో కాగితాలు భద్రంగా ఉండాలని కొన్ని కౌంటీల వాళ్లు మూటలు కట్టి రాజధాని రిచ్‌మండ్‌కి పంపారు. 1865 ఏప్రిల్‌లో రిచ్‌మండ్ తగలబడింది. బద్ధకించి మూట కట్టనివాళ్ల పుస్తకాలు చాలాచోట్ల ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. ఆఫీసుల్లో ఫైలు కదపని గుమాస్తాలని తిట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక 1890 జనాభా లెక్కలు. అవి 1921 జనవరిలో వాషింగ్టన్‌లో వాణిజ్య శాఖ భవనం బేస్‌మెంట్‌లో మంటల్లో చిక్కాయి. కొంత కాలింది, మిగిలింది ఫైరింజన్ల నీళ్లలో నానింది. నానినదాన్ని ఆరబెట్టి దాచుకోవచ్చు కదా? పన్నెండేళ్లు ఊరకే ఉంచి, 1933 ఫిబ్రవరి 21న పారేయడానికి కాంగ్రెస్ అనుమతిచ్చింది. దానికి సరిగ్గా ముందు రోజు ప్రెసిడెంట్ హూవర్ గారు దేశపు పాత కాగితాలన్నీ పదిలంగా దాచడానికి నేషనల్ ఆర్కైవ్స్ భవనానికి శంకుస్థాపన చేశారు. బీరువా కొన్న మర్నాడు బట్టలు తగలేసుకున్నట్టు.

ఇన్ని మంటలు దాటుకుని మిగిలిందెవరు అని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పైక్ కౌంటీ నుంచి ప్రపంచమంతా పేరు తెలిసిన కుటుంబం ఒక్కటే, మెకాయ్‌లు. టగ్ ఫోర్క్ అనే వాగుకి అటు పక్క, వెస్ట్ వర్జీనియాలో ఉండే హాట్‌ఫీల్డ్‌లతో తగాదా పెట్టుకున్నారు కాబట్టి. 1878లో ర్యాండల్ మెకాయ్ తన పందిని ఫ్లాయిడ్ హాట్‌ఫీల్డ్ ఎత్తుకుపోయాడని కేసు పెట్టాడు. అప్పట్లో పందుల్ని అడవిలో వదిలేసేవారు, ఎవరి పంది ఎవరిదో చెవి మీద కోసిన గుర్తుని బట్టి తెలిసేది. కాబట్టి కేసంతా ఒక పంది చెవి మీద నడిచింది. జడ్జీ ఒక హాట్‌ఫీల్డ్, పేరు ఆన్స్. జ్యూరీలో ఆరుగురు అటువాళ్లు, ఆరుగురు ఇటువాళ్లు. సెల్కిర్క్ మెకాయ్ అనే ఆయన హాట్‌ఫీల్డ్‌ల వైపు ఓటేశాడు, పంది పోయింది. దాయాదుల్లో ఒకడు అటు దూకకుండా ఏ కేసైనా ఎక్కడైనా ముగిసిందా?

ఆ తర్వాత 1882లో ఎన్నికల రోజున తాగి కొట్టుకుని ముగ్గురు మెకాయ్ అన్నదమ్ములు ఎలిసన్ హాట్‌ఫీల్డ్‌ని కత్తితో పొడిచారు, అతను చచ్చిపోతే అటువాళ్లు ఆ ముగ్గుర్నీ చెట్లకి కట్టేసి కాల్చారు, 1888 కొత్త సంవత్సరం రాత్రి మెకాయ్‌ల ఇల్లు కాల్చారు, రెండు రాష్ట్రాల గవర్నర్లు ఒకరి మీద ఒకరు లేచారు, వ్యవహారం అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది, 1890లో ఒకర్ని పైక్‌విల్‌లో ఉరితీశారు. ఫలితం ఏమిటి? ఆ రెండు కుటుంబాల్లో ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవర్ని చేసుకున్నారో అన్నీ కాగితాల్లో ఉన్నాయి. ఏ వకీలు ఏం వాదించాడో, ఏ సాక్షి ఏం అబద్ధం చెప్పాడో కూడా ఉంది. అదే వాగు పక్కన మొక్కజొన్న వేసుకుని, పన్ను కట్టి, ఆదివారం చర్చికి పోయి, పంది తప్పిపోతే పోనీలే అనుకున్న పెద్దాయన ఒకడుండే ఉంటాడు. ఆయన మిగిలింది జనాభా లెక్కల్లో ఒక్క వరుసగా. పేరు, వయసు, రైతు, రాయడం రాదు.

2003 జూన్‌లో రెండు కుటుంబాల వారసులు పైక్‌విల్‌లో కూచుని సంధి పత్రం మీద సంతకాలు పెట్టుకున్నారు. కాల్పులాగి వందేళ్లు దాటాక సంధి ఎందుకు అనకండి, ఆ పత్రం కూడా ఒక రికార్డే.

పేర్ల దగ్గర ఇంకో నరకం. ఆ కొండల్లో ఒక తాతకి జాన్, విలియం, జేమ్స్ అని కొడుకులుంటే, ఆ కొడుకులందరికీ మళ్లీ జాన్, విలియం, జేమ్స్‌లే. ఆన్స్‌లు ఎంతమందంటే దెయ్యం ఆన్స్, పాస్టర్ ఆన్స్ అని విడగొట్టాల్సి వచ్చింది. తుపాకీ పట్టినాయన దెయ్యం, పంది కేసు విన్నాయన పాస్టర్. ఆడవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మేరీని పాలీ అంటారు, సారాని శాలీ, మార్తాని ప్యాట్సీ, కాబట్టి మీ తాతకి ఇద్దరు భార్యలో, ఒకే భార్యకి రెండు పేర్లో తేల్చడానికి ఒక జన్మ చాలదు. అదీ పేరుంటే. 1840 దాకా జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు, భార్యాపిల్లలు వయసుల గళ్లలో గీతలు మాత్రమే. అదే కాలంలో చాలా కౌంటీల కోర్టు పుస్తకాల్లో ఎవరి పంది చెవి ఎలా కోసి ఉంటుందో పేరుపేరునా నమోదై ఉంది. ఇంటావిడ కంటే పందికి ముందు గుర్తింపు కార్డు వచ్చింది.

1850 నుంచి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాయడం మొదలైంది. ఆ ఫారంలోనే ఒక గడి ఉంది, ఇంట్లో ఎవరైనా చెవిటివారా, మూగవారా, గుడ్డివారా, పిచ్చివారా, బుద్ధిహీనులా, బిచ్చగాళ్లా, ఖైదీలా అని. నిర్ణయించేది లెక్క రాసుకోవడానికి గుర్రం మీద వచ్చినాయన. ఆయనకి మంచినీళ్లు ఇవ్వడం మర్చిపోయిన ఇళ్లలో ఆ గడి ఎలా నిండిందో ఊహించుకోవాల్సిందే.

‘స్వేచ్ఛగా ఉన్న’ అన్నాను గమనించారా. బానిసలకి 1850లోనూ 1860లోనూ వేరే షెడ్యూలు ఉంది. అందులో యజమాని పేరుంటుంది, కింద వరుసగా వయసు, ఆడా మగా, రంగు. 30, ఆడ, నలుపు. 4, మగ, నలుపు. పేరు రాసే గడిలో అంకె ఉంటుంది. ఆ 30 ఏళ్లావిడ మునిమనవరాలు ఇవాళ పూర్వీకుల కోసం బయల్దేరితే 1870 దగ్గర గోడ తగులుతుంది, బానిసత్వం పోయి వాళ్ల పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కింది అప్పుడే, అంతకు ముందు వెతకాలంటే మనుషుల కాగితాల్లో కుదరదు, ఆస్తుల కాగితాల్లో వెతకాలి. యజమాని వీలునామాలో, మంచం, నాగలి, ఆవు తర్వాత ఏ వరుసలో ఉందో. పైక్‌విల్‌లో ర్యాండల్ మెకాయ్ పడుకున్న డిల్స్ శ్మశానంలోనే నల్లవాళ్ల సమాధులు కూడా వందకు పైనే ఉన్నాయి. టూరిస్టు బస్సు ఎవరి సమాధి దగ్గర ఆగుతుందో చెప్పక్కర్లేదు.

కాగితం లేనిచోట కథ ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ చెరోకీ అనే అక్కడి ఆదివాసీ తెగ రాకుమారి ఒకామె ముత్తవ్వగా ఉంటుంది. చెరోకీల్లో అసలు రాకుమార్తెలే లేరు, అయినా ఈ ఆడపడుచులకి కొరత లేదు. ‘ముగ్గురన్నదమ్ములు ఓడ దిగారు, ఒకడు ఉత్తరానికి, ఒకడు దక్షిణానికి, ఒకడు పడమరకి’ అనే కథ ఇంకొకటి, తూర్పుకి ఎవరూ పోరు, అటు సముద్రం. న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్లని తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తా మా ఇంటిపేరు మార్చేశాడు అన్నది మూడోది. ఆ గుమాస్తాలు ఓడవాళ్లు ఇచ్చిన లిస్టు చూసి టిక్కులు పెట్టుకునేవాళ్లే, కొత్త పేర్లు పెట్టే తీరిక వాళ్లకెక్కడిది! అసలు పేరు వద్దనుకున్నది తాతే, నింద మాత్రం గుమాస్తాకి. ఈ కథలు చాలనివాళ్ల కోసం గుస్తావ్ అంజూ అని ఒక మహానుభావుడు ఉండేవాడు, డబ్బున్నవాళ్లకి కావాల్సిన రాజవంశాలు దొంగ కాగితాలతో సహా తయారుచేసి ఇచ్చేవాడు. ఆయన 1942లో పోయినా ఆయన పుట్టించిన పూర్వీకులు ఇంకా వంశవృక్షాల మీద కాయలు కాస్తూనే ఉన్నారు.

నిజమైన కాగితం పుట్టేది అవసరంలోంచే. 1830ల్లో ఆ స్వాతంత్ర్య యుద్ధపు సైనికులకి, వాళ్ల విధవలకి పెన్షన్ ఇస్తామన్నప్పుడు, పెళ్లి రుజువు ఏదమ్మా అంటే ముసలమ్మలు ఇంట్లో బైబిల్ తీసి, పెళ్లిళ్లూ పుట్టిన తేదీలూ రాసుకున్న పేజీని చింపి పంపారు. ఆ పేజీలు ఇవాళ్టికీ వాషింగ్టన్‌లో ఫైళ్లలో ఉన్నాయి. అడగ్గానే పెన్షన్ వచ్చిన కుటుంబానికి ఫైలు పలచన, కొర్రీల మీద కొర్రీలు పడి ఏళ్ల తరబడి తిరిగిన కుటుంబానికి ఫైలు లావు. మన పెన్షనర్లు బాధపడకండి, మీ వంశచరిత్ర తయారవుతోంది.

ఇంత కష్టం ఎందుకు అనేవాళ్ల కోసం ఉమ్మి ఉంది. గొట్టంలో ఉమ్మి పంపితే డీఎన్‌ఏ చూసి చుట్టాల లిస్టు ఇస్తారు, ఆ లిస్టులో అప్పుడప్పుడు కొత్త నాన్న కూడా వస్తాడు. ఆ వ్యాపారంలో పేరుమోసిన ట్వంటీత్రీ అండ్ మీ 2025 మార్చిలో దివాలా తీసింది. కోటిన్నర మంది ఉమ్మి లెక్కలు కంపెనీ ఆస్తుల్లో భాగంగా అమ్మకానికి వచ్చాయి. ఈసారి యజమాని వీలునామా అవసరం లేకుండానే.

మనవాళ్ల సంగతి కూడా కాస్త ఆలోచించాలి. టెక్సస్‌లో ఒకప్పుడు పత్తి చేలు తప్ప ఏమీ లేని కాలిన్ కౌంటీలో ఇప్పుడు వీధికి పదిళ్లు తెలుగువాళ్లవి. ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్‌లో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది, కాబట్టి వేటగాళ్లకి రెండు ఆఫీసుల తిరుగుడు ఇప్పటికే ఖాయం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకి వీసా మీద సొంత పేరు ఇంటిపేరైపోయి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, పేరు తెలియదు అని దానర్థం. అదే ఇంటి దస్తావేజు మీదా ఎక్కిందనుకోండి. 2170 ప్రాంతంలో ఎవడో మునిమనవడు కౌంటీ పుస్తకాలు తిరగేస్తూ, ఎఫ్‌ఎన్‌యూ వెంకటేశ్వర్లు, ఎఫ్‌ఎన్‌యూ సత్యనారాయణ, ఎఫ్‌ఎన్‌యూ లక్ష్మి అని వరసగా చూసి, ఆహా, ఇదేదో పెద్ద రాజవంశం, గోదావరి ఒడ్డు నుంచి ముగ్గురన్నదమ్ములు వచ్చారు అని తేలుస్తాడు. ఎఫ్‌ఎన్‌యూ వారసుల సంఘం పుడుతుంది, ఏడాదికోసారి భోజనాలు, చందా, బ్యాడ్జీ. పాస్‌పోర్టు ఫారంలో పేరూ ఇంటిపేరూ రెండు గళ్లూ జాగ్రత్తగా నింపిన మా బావ లాంటివాళ్ల సంతానానికి మాత్రం అందులో సభ్యత్వం ఇవ్వరు.