అబ్జెక్షన్ రాసే చోటేదీ?

అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానికి సొంత రాజ్యాంగం ఉంటుంది. దాన్ని సవరించాలంటే దాదాపు ప్రతిచోటా ఓటర్లు ఒప్పుకోవాలి. 2023 నవంబరులో టెక్సస్ రాష్ట్ర ప్రజల ముందుకు అలా ఒక గంభీరమైన రాజ్యాంగ సమస్య వచ్చింది. గాల్వెస్టన్ కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, కోశాధికారి పదవి ఉంచాలా, ఎత్తెయ్యాలా? గాల్వెస్టన్ సముద్రపు ఒడ్డున ఉంది. ఎల్ పాసో దానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల, ఎడారిలో ఉంది. అయినా ఎల్ పాసో ఓటరు కూడా తీర్పు చెప్పాల్సిందే. హిందూపురంలో క్యాషియర్ కుర్చీ తీసెయ్యాలా వద్దా అని ఇచ్ఛాపురం వాళ్లను క్యూలో నిలబెట్టి అడిగినట్టన్నమాట. దీన్ని చూసి నవ్వేవాళ్లకు ప్రజాస్వామ్యం లోతు తెలియదు.

నాకు తెలుసు. సబ్ ట్రెజరీలో ముప్పై రెండేళ్లు బిల్లులు చూసి 2012లో రిటైరైనవాణ్ని. ఆ నవంబరులో డాలస్ పక్కన మా అమ్మాయి వాళ్లింట్లో ఉన్నాను. డైనింగ్ టేబుల్ మీద నమూనా బ్యాలెట్ పరిచి ఉంది. మొత్తం 14 సవరణలు. అల్లుడు చేత్తో తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం రాయాలి బాబూ ఇందులో?"

"రాసేదేం లేదు మామయ్యగారూ. అనుకూలమో వ్యతిరేకమో నొక్కడమే."

"మరి సగం బాగుండి సగం బాగోకపోతే?"

"అలాంటి గడి లేదండీ."

నా ప్రాణం ఉసూరుమంది. మా ఆఫీసులో అతి చిన్న టీఏ బిల్లుకైనా మూడు దారులుండేవి. పాస్ చెయ్యొచ్చు, తిరస్కరించొచ్చు, లేదా అబ్జెక్షన్ రాసి తిప్పి పంపొచ్చు. నిజం చెప్పాలంటే ట్రెజరీ అన్నది బతికిందే ఆ మూడో దారి మీద. అమెరికా ఓటరుకు అదొక్కటే లేదు. రాజ్యాంగానికి యజమాని అతనే, కానీ ఎక్కువగా ప్రశ్న రాసేది శాసనసభ. ఏ సవరణ పెట్టాలి, బ్యాలెట్ మీద దాన్ని ఏ మాటల్లో అడగాలి, ఏ తారీఖున అడగాలి, అన్నీ అక్కడే తేలిపోతాయి.

టెక్సస్‌లో అందుకు ప్రతినిధుల సభలోని 150 మందిలో 100 మంది, సెనేట్‌లోని 31 మందిలో 21 మంది ఒప్పుకోవాలి. గవర్నరు సంతకం అక్కర్లేదు, ఆయన వీటో కూడా చెల్లదు. సభ రెండేళ్లకోసారి బేసి సంవత్సరంలో కూర్చుంటుంది, అదీ 140 రోజులు. అందుకని సవరణలు ఎక్కువగా ఆ ఏడాది నవంబరులోనే జనం దగ్గరికి వస్తాయి. అధ్యక్షుడి ఎన్నిక ఉండదు, హడావుడి ఉండదు, కాబట్టి ఓటర్లు కూడా ఉండరు. 2023లో వచ్చినవాళ్లు సుమారు 14 శాతం. ప్రశ్నలు 14, ఓటర్లు 14 శాతం. ప్రశ్నకో శాతం చొప్పున లెక్క సరిపోయింది. ట్రెజరీలో ఇంత చక్కగా టాలీ అయిన ఖాతా నేను చూడలేదు.

ఇన్ని ప్రశ్నలెందుకంటారా? 1876లో ఆ రాజ్యాంగం రాసినవాళ్లకు ప్రభుత్వమంటే అస్సలు నమ్మకం లేదు. దాని చేతులు కట్టెయ్యాలని కనబడిందల్లా అందులో రాసి పెట్టారు. ఇప్పుడు ఏ ముడి విప్పాలన్నా జనాన్ని పిలవాలి. అలా ఇప్పటికి 500కు పైగా ముళ్లు విప్పారు. తోళ్లనూ పశువులనూ తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ పదవిని రాజ్యాంగంలోంచి తీసెయ్యడానికి 2007లో రాష్ట్రమంతా ఓటేసింది. 2019లో పోలీసు కుక్కల వంతు వచ్చింది. సర్కారు ఆస్తిని ఊరికే ఎవరికీ ఇవ్వకూడదని రాజ్యాంగం. కుక్క సర్కారు ఆస్తి. అది రిటైరయ్యాక ఇన్నాళ్లూ సాకిన పోలీసాయన ఇంటికి ఉచితంగా పంపొచ్చా అని ప్రజలను అడిగారు. దాదాపు 94 శాతం పంపమన్నారు. మిగతా 6 శాతం ఎవరో గానీ, ట్రెజరీలో పనికొచ్చే మనుషులు.

ఇదంతా అమాయకమైన టెక్సస్. అసలు పనితనం చూడాలంటే మిస్సోరీ వెళ్లాలి. అక్కడ 2018లో ప్రజలే సంతకాలు సేకరించి ఒక సవరణ తెచ్చుకున్నారు. శాసనసభ నియోజకవర్గాల సరిహద్దు గీతలు ఏ పార్టీకీ చెందని నిపుణుడు గియ్యాలి. శాసనసభ్యులకు లాబీయిస్టులు, అంటే చట్టాలు తమకు అనుకూలంగా చేయించుకోవడానికి వాళ్ల చుట్టూ తిరిగేవాళ్లు, ఇచ్చే కానుక 5 డాలర్లు దాటకూడదు. సుమారు 62 శాతం మంది ఒప్పుకున్నారు. గీతలు పార్టీల చేజారడం శాసనసభకు నచ్చలేదు. అయితే "మీరు చేసింది మాకు నచ్చలేదు, రద్దు చేస్తారా?" అని ప్రజలను అడగడం మర్యాద కాదు కదా. పెద్దలు ఆలోచించి 2020లో మూడో నంబరు సవరణ అని ఒకటి పంపారు. అందులో మొదటి వాక్యం, కానుకలు పూర్తిగా నిషేధం! 5 డాలర్లు కాస్తా సున్నా. రెండోది, సెనేట్ అభ్యర్థికిచ్చే చందా పరిమితి 2,500 డాలర్ల నుంచి 2,400కు తగ్గింపు. ఎంత త్యాగం! ఆ తర్వాత, కాస్త కిందగా, గీతలు గీసే నిపుణుడి రద్దు. ఆ వాక్యాలు ఓటరును తప్పుదారి పట్టించేలా ఉన్నాయని కోర్టులు దిద్దాల్సి వచ్చింది. అయినా 51 శాతంతో నెగ్గింది. పాపం ఆ నిపుణుడి పదవి ఒక్క గీతైనా గియ్యకుండానే పోయింది.

చిన్నప్పుడు మా నాయనమ్మ చేదు మాత్రను బెల్లం ముక్కలో పెట్టి మింగించేది. అమెరికావాళ్లు దాన్ని బ్యాలెట్ క్యాండీ అంటున్నారు. తేడా ఒకటే. నాయనమ్మ మాత్ర నా జ్వరానికి, శాసనసభ మాత్ర శాసనసభ జ్వరానికి.

అదే మిస్సోరీ 2024లో మళ్లీ బెల్లం పంచింది. పౌరులు కానివాళ్లు ఓటెయ్యకూడదట. అంతకుముందు వేస్తున్నారా అంటే, లేదు, చట్టం ఒప్పుకోదు. సెయింట్ లూయిస్‌లో గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డ మన పిల్లలకు అసలే లేని ఓటును రాజ్యాంగబద్ధంగా ఇంకోసారి తీసేశారు. దాని చాటున, అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులిచ్చి ఓటేసే పద్ధతిని కూడా నిషేధించారు. 68 శాతం అవునన్నారు.

లెక్కల్లో మాత్రం ఫ్లోరిడాకే నా ఓటు. ఇకమీదట రాజ్యాంగ సవరణకు 60 శాతం ఓట్లు రావాలని 2006లో అక్కడి శాసనసభ ఒక సవరణ పంపింది. అది 57.8 శాతంతో నెగ్గింది. తను పెట్టిన పరీక్షలో తనే తప్పే సవరణ అది. గోడ దూకి లోపలికొచ్చి, ఆనక గోడ ఎత్తు పెంచినట్టు. ఒహాయో శాసనసభ కూడా 2023లో అదే గోడ కట్టబోయింది. నవంబరులో గర్భస్రావ హక్కుల సవరణ వస్తోంది, ఈలోగానే ముగించాలని ఆగస్టులో ఓటింగు పెట్టింది. ఆగస్టు ఎన్నికలకు జనం రావడం లేదు, ఖర్చు దండగ అని వాటిలో చాలావాటిని ఎత్తేస్తూ అంతకు కొన్ని నెలల ముందే చట్టం చేసింది కూడా ఆ సభే. జనం రారనుకున్నారో ఏమో, 30 లక్షలకు పైగా వచ్చి 57 శాతం వద్దన్నారు. ఎండాకాలంలో జనాన్ని నమ్మకూడదు.

వీళ్లందరిలో నిజాయితీ డెలావేర్‌ది. 50 రాష్ట్రాల్లో అదొక్కటే ఓటరును అసలు అడగదు. వరసగా ఎన్నికైన రెండు శాసనసభలు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే చాలు, రాజ్యాంగం మారిపోతుంది. బెల్లం ఖర్చు కూడా మిగులు.

"మన దగ్గరా అంతే కదండీ" అన్నాడు అల్లుడు. అంతే. మన రాష్ట్రాలకు వేరే రాజ్యాంగాలు లేవు. ఉన్న ఒక్కదాన్నీ 368 అధికరణం కింద 2023 నాటికి 106 సార్లు సవరించారు. కొన్నింటికి సగం రాష్ట్రాల శాసనసభలను అడిగారు గానీ, ఒక్కసారి కూడా మన తలుపు తట్టలేదు. టెక్సస్‌లో కుక్క పింఛను జీవితానికున్న ప్రజామోదం నా పింఛను జీవితానికి లేదు.

చివరికి అల్లుడు ఏం నొక్కాడో నేనడగలేదు. ఓటు రహస్యం కదా. కోశాధికారిని మాత్రం కాపాడమని, సాటి ఖజానా మనిషిగా ఒక మాట చెవిన వేశాను. లాభం లేకపోయింది, ఆ పదవి పోయింది. 14లో 13 నెగ్గాయి. ఓడింది ఒక్కటే. జడ్జీల రిటైర్మెంటు వయసు 75 నుంచి 79కి పెంచడం. అందులో బెల్లమూ లేదు, చాటూ లేదు. చదివినవాడికి చదివినట్టు అర్థమయ్యే ప్రశ్న. పదిమందిలో ఆరుగురికి పైగా వద్దన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో నన్ను 58కే శాలువా కప్పి ఇంటికి పంపారు. ఆ తర్వాత 2014లో దాన్ని 60 చేశారు, 2022లో 62 చేశారు. ఎవరినీ అడగలేదు. ఆ అబ్జెక్షన్ ఎక్కడ రాయాలో నాకింకా తెలియలేదు.