ఫోటోలన్నీ పీఎన్‌జీలోకి మార్చేసి అసలువి డిలీట్ చేయకండి

కొన్నాళ్లుగా ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. మా షాపుకు వచ్చే కస్టమర్లలోనే చాలామంది ఫోన్ తీసి నాకు చూపించారు. జేపీజీ, పీఎన్‌జీ, వెబ్‌పీ అనేవి ఫోటోలను దాచే ఫైలు రకాలు, అంటే ఫార్మాట్లు. వాటి గురించి అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "జేపీజీ ఫోటో తెరిచిన ప్రతిసారీ కొంత క్వాలిటీ పోతుంది. వెంటనే అన్నిటినీ పీఎన్‌జీలోకి మార్చుకోండి, పోయిన క్వాలిటీ తిరిగి వస్తుంది. కన్వర్టర్ లేకపోతే ఫైలు పేరు చివర జేపీజీ తీసేసి పీఎన్‌జీ అని రాసినా చాలు. వెబ్‌పీ ఫైళ్లలో వైరస్ ఉంటుంది, కనిపిస్తే తీసేయండి. ప్రింటుకు ఏదైనా 300 డీపీఐ చేసి పీఎన్‌జీలోనే ఇవ్వండి. వాట్సాప్‌లో పీఎన్‌జీ పంపితే క్వాలిటీ తగ్గదు. మార్చాక పాత ఫైళ్లు డిలీట్ చేసి ఫోన్‌లో జాగా చేసుకోండి. పదిమందికి పంపండి."

నేను డీటీపీ, పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీల పనిలో ఉన్నాను. ఇలాంటి మెసేజ్‌లు చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ని. మొన్న ఒక కుర్రాడు వాళ్ల నాన్నగారి పెద్దకర్మకు ఫ్లెక్సీ చేయించడానికి వచ్చాడు. పెన్‌డ్రైవ్ నిండా ఫోటోలు, అన్నీ పీఎన్‌జీలే. ఈ మెసేజ్ చదివి ఏదో ఫ్రీ యాప్‌తో అన్నిటినీ మార్చేశాడట. ఫోటో అంటే పిక్సెళ్లనే చిన్న చిన్న చుక్కల వరసలే. ఆ యాప్ ప్రతి ఫోటోనూ 800 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి మరీ మార్చింది. అసలు ఫైళ్లు డిలీట్ చేసేశాడు. "అన్నా, పీఎన్‌జీయే కదా, ఎంత పెద్దది చేసినా బాగుంటుందిగా?" అని అడిగాడు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాను. ఆయన కళ్లజోడు అంచు మెట్లు మెట్లుగా విరిగిపోయింది. కనుగుడ్లు రెండు బూడిదరంగు గళ్లలా ఉన్నాయి. ఆ అబ్బాయి ఇంకేమీ మాట్లాడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి మాట, "తెరిచిన ప్రతిసారీ క్వాలిటీ పోతుంది." పోదు. ఫోటో తెరవడమంటే ఫైల్లో ఉన్నది చదివి స్క్రీన్ మీద చూపించడం, అంతే. చదివితే పుస్తకంలో అక్షరాలు అరగవు. అనుమానముంటే ఏదైనా ఒక ఫోటో ప్రాపర్టీస్‌లో సైజు ఎన్ని బైట్లుందో, చివరిసారి మార్పు జరిగిన తేదీ ఎప్పుడో రాసిపెట్టుకోండి. వందసార్లు తెరిచి మళ్లీ చూడండి. ఒక్క బైటు కూడా మారదు.

పోయేది మళ్లీ సేవ్ చేసినప్పుడు. ఆ తేడా తెలియాలంటే జేపీజీ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. 1992లో ఖరారైన ఈ పద్ధతి ఫోటోను ముందు వెలుగు, రంగు అని విడదీస్తుంది. తర్వాత 8 అడ్డం, 8 నిలువు పిక్సెళ్ల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 విలువలను ఇంకో రకం 64 సంఖ్యలుగా మారుస్తుంది. ఆ గడిలో మొత్తం మీద వెలుగెంత, నెమ్మదిగా మారేదెంత, చకచకా మారే సన్నని వివరమెంత అన్నది ఆ సంఖ్యలు చెబుతాయి. ఆ సన్నని వివరాల సంఖ్యలను గుండుగుత్తగా దగ్గరి అంకెకు సర్దేస్తుంది. వాటిలో చాలా వరకు సున్నాలైపోతాయి. ఫైలు చిన్నదయ్యేది అక్కడే, వివరం పోయేదీ అక్కడే.

దాన్ని తెరిచి ఏమీ మార్చకుండా అదే క్వాలిటీలో మళ్లీ సేవ్ చేస్తే పెద్దగా నష్టం ఉండదు, రెండు మూడుసార్ల తర్వాత దాదాపు ఒకచోట ఆగిపోతుంది. ఎందుకంటే గళ్లు అవే, సర్దుబాటూ అదే. కానీ కొంచెం క్రాప్ చేశారనుకోండి, గళ్ల హద్దులు జరిగిపోతాయి. అప్పుడు సర్దుబాటు మళ్లీ మొదటినుంచి. సైజు మార్చినా, ఫిల్టర్ వేసినా, ఒక్కోసారి ఒక్కో క్వాలిటీలో సేవ్ చేసినా అంతే. ఒక పెళ్లికూతురి ఫోటోను నేనే ప్రతిసారీ కొన్ని పిక్సెళ్లు కత్తిరిస్తూ, తక్కువ క్వాలిటీలో ముప్పైసార్లు సేవ్ చేసి చూశాను. ముఖం ఫరవాలేదనిపించింది. పట్టుచీర జరీ అంచు మాత్రం ముద్దైపోయింది, అందులోని నెమళ్లు నెమళ్లని చెబితే తప్ప తెలియవు. కాబట్టి మెసేజ్‌లో భయానికి ఆధారం అసలు లేదనను. ఎడిటింగ్ జరుగుతున్నన్నాళ్లూ పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు)లోనో, వివరం పోగొట్టకుండా దాచే టిఫ్‌లోనో ఉంచుకుని, పని పూర్తయ్యాక ఒక్కసారే జేపీజీ తీయాలి. మా పనిలో అందరూ చేసేది అదే. ఫోన్‌లో ఊరికే ఉన్న ఫోటో మాత్రం ఎన్నేళ్లయినా దానంతటది చెడిపోదు.

"పీఎన్‌జీలోకి మారిస్తే పోయిన క్వాలిటీ తిరిగి వస్తుంది." ఈ మాటే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. పీఎన్‌జీ తనకిచ్చిన పిక్సెళ్లలో ఒక్కదాన్నీ పోగొట్టదు, నిజమే. కానీ ఇచ్చినదాన్నే దాస్తుంది, లేనిది పుట్టించదు. రంగు వెలిసిన చీరను కొత్త బీరువాలో పెడితే రంగు తిరిగొస్తుందా? జేపీజీలో సున్నాలైపోయిన వివరాలు, గళ్ల మరకలతో సహా ఉన్నవి ఉన్నట్టు పీఎన్‌జీలోకి వెళ్తాయి. పెరిగేది ఫైలు సైజు ఒక్కటే. 4000 × 3000 పిక్సెళ్ల ఫోన్ ఫోటో తీసుకోండి. పిక్సెల్‌కు మూడు బైట్ల లెక్కన ఏ కుదింపూ లేకపోతే అది 36 ఎంబీ. జేపీజీలో సాధారణంగా మూడు నుంచి ఐదు ఎంబీల్లో సరిపోతుంది. అదే పీఎన్‌జీ చేస్తే చాలాసార్లు 15 ఎంబీ దాటుతుంది. ఇక ఫోన్‌లో జాగా ఎక్కడ మిగులుతుంది?

పీఎన్‌జీ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఈ గందరగోళం సగం తీరుతుంది. 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికా కంపెనీ జిఫ్ అనే బొమ్మల ఫార్మాట్ తెచ్చింది. అందులో వాడిన కుదింపు పద్ధతి మీద యూనిసిస్ కంపెనీకి పేటెంటు ఉంది. జిఫ్‌కు మద్దతిచ్చే సాఫ్ట్‌వేర్లు లైసెన్సు తీసుకోవాలని 1994 చివర్లో ప్రకటన వచ్చింది. దాంతో ఇంటర్నెట్‌లో ప్రోగ్రామర్లు చేయి చేయి కలిపి, పేటెంటు బెడద లేని కొత్త ఫార్మాట్ రాసుకున్నారు. 1996లో ఖరారైన పీఎన్‌జీ అదే. అంటే అది జిఫ్‌కు బదులుగా వచ్చింది, జేపీజీకి పోటీగా కాదు. లోగోలు, బొమ్మలు, స్క్రీన్‌షాట్లు, అక్షరాలు, వెనక బ్యాక్‌గ్రౌండ్ లేకుండా కావలసిన గుర్తులు, వీటికోసం తయారైంది. ఒకే రంగు వరసగా ఉన్నచోట, ఒకే నమూనా మళ్లీ మళ్లీ వచ్చినచోట అది అద్భుతంగా కుదిస్తుంది. ఫోటోలో అలాంటి చోట్లు ఉండవు. తెల్లగోడను ఫోటో తీసినా పక్కపక్క పిక్సెళ్లు రెండూ ఒకేలా ఉండటం అరుదు.

ఇక్కడ పీఎన్‌జీ పక్షాన కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి. మన శుభలేఖలు చూడండి, పసుపు మీద ఎర్ర అక్షరాలు. జేపీజీ చాలాసార్లు రంగు సమాచారాన్ని నాలుగు పిక్సెళ్లకు ఒకటి చొప్పునే దాచుకుంటుంది, మన కంటికి రంగుల్లో సన్నని తేడాలు అంతగా తెలియవు గనక. ముఖాలకు ఇది చక్కగా నప్పుతుంది. పసుపు మీది ఎరుపుకు నప్పదు, అక్షరం అంచుల్లో ఎరుపు కారిపోయినట్టు కనిపిస్తుంది. పైగా తెలుగు అక్షరాల్లో ద, ధలకు తేడా కింద ఉన్న చిన్న గీత. డ, ఢలకూ అంతే. చిన్న సైజులో ఒత్తులు, వట్రుసుడులు ఇంకా నలిగిపోతాయి. వరుడి ఇంటిపేరే తప్పు చదువుకునేలా తయారైన శుభలేఖలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. తెలుగు అక్షరాలున్న డిజైన్‌ను ఫోన్‌లో పంపుకోవాలంటే పీఎన్‌జీ గానీ పీడీఎఫ్ గానీ వాడండి. పెళ్లి ఫోటోలకు జేపీజీ చాలు.

పేరు మార్చితే చాలన్న మాటకు పెద్దగా చెప్పేదేమీ లేదు. ఫార్మాట్ ఫైలు పేరులో ఉండదు, ఫైలు లోపల ఉంటుంది. ప్రతి పీఎన్‌జీ ఫైలులోనూ రెండు, మూడు, నాలుగో బైట్లు పీ, ఎన్, జీ అనే అక్షరాలే. పేరు మార్చినా లోపల జేపీజీ జేపీజీగానే ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు లోపల చూసుకుని తెరుస్తాయి కాబట్టి మారిందన్న భ్రమ కలుగుతుంది. ఉద్యోగాల అప్లికేషన్లలో ఇదే కొంప ముంచుతుంది. ఐఫోన్‌లో 2017 నుంచి హెచ్‌ఈఐసీ అనే ఫార్మాట్ వచ్చింది. దాన్ని పేరు మాత్రం జేపీజీ అని మార్చి అప్‌లోడ్ చేస్తారు, సైట్ తీసుకోదు, చివరి తేదీ రాత్రి టెన్షన్ పడతారు. అలాంటప్పుడు ఫోటోను ఎడిటర్‌లో తెరిచి జేపీజీగా ఎగుమతి చేయాలి. లేదా ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా ఫార్మాట్‌ను మోస్ట్ కంపాటిబుల్‌కు మార్చితే అప్పటినుంచి తీసేవి జేపీజీలోనే వస్తాయి.

వెబ్‌పీలో వైరస్ సంగతి. ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను విప్పి చూపించే సాఫ్ట్‌వేర్ భాగంలో ప్రమాదకరమైన లోపం బయటపడింది. ప్రత్యేకంగా తయారుచేసిన బొమ్మతో దాడి చేసే వీలుండేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వెంటనే అప్‌డేట్లు ఇచ్చాయి. లోపం ఉన్నది విప్పే సాఫ్ట్‌వేర్‌లో, మీ ఫోటోల్లో కాదు. 2004లో విండోస్‌లో జేపీజీ విప్పే భాగంలోనూ ఇలాంటి లోపమే దొరికింది. అప్పుడు ఎవరూ జేపీజీలు తగలబెట్టలేదు కదా, అప్‌డేట్ చేసుకున్నారు. పొద్దున్నే మీరు పంపుకునే శుభోదయం స్టిక్కర్లు కూడా వెబ్‌పీ ఫైళ్లే, వాట్సాప్ స్టిక్కర్లకు ఆ ఫార్మాట్‌నే వాడుతుంది. ఫోన్, బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోండి, చాలు. 2010లో గూగుల్ తెచ్చిన ఈ ఫార్మాట్ వెబ్‌సైట్లకు నిజంగా మంచిది, అదే నాణ్యతకు జేపీజీ కన్నా తరచూ చిన్న ఫైలు ఇస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ లేని బొమ్మలనూ మోస్తుంది. అయితే ఫోటోలకు వాడే రకం వెబ్‌పీలో రంగు ఎప్పుడూ నాలుగింటికి ఒకటే, కాబట్టి ఎర్ర అక్షరాల బాధ అక్కడా ఉంది.

"300 డీపీఐ చేసి పీఎన్‌జీలో ఇవ్వండి" అన్నది మాలాంటి వాళ్లకు రోజూ తలనొప్పి. డీపీఐ అనేది ఫైలు మీద రాసిన చీటీ లాంటిది, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పరవాలో ప్రింటర్‌కు చెబుతుంది. ఆ అంకె 72 నుంచి 300 చేసినంత మాత్రాన పిక్సెళ్లు పెరగవు. చూడాల్సింది మొత్తం పిక్సెళ్లెన్ని అని. 1600 × 1200 ఫోటో 300 డీపీఐలో అయిదుంపావు అంగుళాల కన్నా కాస్త ఎక్కువ వెడల్పుకు వస్తుంది, ఆల్బమ్‌లో చిన్న ఫోటోకు సరిపోతుంది. దాన్నే ఆరడుగుల ఫ్లెక్సీ మీద పరిస్తే అంగుళానికి 22 పిక్సెళ్లే దక్కుతాయి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి 300 అక్కర్లేదు, అంగుళానికి 72 ఉన్నా బ్రహ్మాండంగా ఉంటుంది. దానికి కూడా 5184 పిక్సెళ్ల వెడల్పు కావాలి. ఇక శుభలేఖలు ప్రెస్‌లో, ఆఫ్‌సెట్ మెషీన్ మీద నాలుగు ఇంకులతో అచ్చవుతాయి. ఆ నాలుగు ఇంకుల రంగుల పద్ధతి పీఎన్‌జీలో అసలు లేనే లేదు. టిఫ్‌లో, పీడీఎఫ్‌లో ఉంది, జేపీజీలో కూడా కుదురుతుంది. ప్రెస్‌కు పీఎన్‌జీ ఇస్తే వాళ్లు మార్చుకోవాల్సిందే. స్క్రీన్ మీద మెరిసిన ఆకుపచ్చ రంగు, కాగితం మీద డల్‌గా వచ్చిందని ఆ తర్వాత గొడవ.

ఆఖరిది, వాట్సాప్‌లో పీఎన్‌జీ పంపితే క్వాలిటీ తగ్గదన్నది. తగ్గుతుంది. ఫోటోగా పంపితే అది పీఎన్‌జీ అయినా వాట్సాప్ కుదించి జేపీజీ చేసే పంపుతుంది. బ్యాక్‌గ్రౌండ్ లేని లోగోకు కూడా వెనక రంగు వచ్చి చేరుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ నొక్కితే కొంత మెరుగు, అయినా అసలు ఫైలు కాదు. అసలు ఫైలే చేరాలంటే అటాచ్‌మెంట్‌లో డాక్యుమెంట్‌గా పంపాలి. అప్పుడు ఏ ఫార్మాటైనా బైటు మారకుండా వెళ్తుంది. ఒక్క జాగ్రత్త, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటో అయితే ఎక్కడ తీశారన్న వివరం కూడా దాంతోపాటే వెళ్తుంది. ఇంట్లో తీసిన పిల్లల ఫోటోలు తెలియనివాళ్లకు ఇలా పంపకండి.

ఇప్పటికే మార్చేసి డిలీట్ చేసినవాళ్లు ఇది చదివిన వెంటనే ఒక పని చేయండి. గూగుల్ ఫోటోస్ ట్రాష్‌లో, బ్యాకప్ అయిన ఫోటోలు 60 రోజులు ఉంటాయి. ఐఫోన్‌లో రీసెంట్లీ డిలీటెడ్‌లో 30 రోజులు. అక్కడ దొరికితే రీస్టోర్ చేసుకోండి. దొరక్కపోతే ఆ ఫోటోలు ఎవరెవరికి పంపారో గుర్తు తెచ్చుకోండి, ఫోటోగ్రాఫర్‌ను అడగండి, పాత మెమరీ కార్డులు పారేయకుండా వెతకండి. ఆ అబ్బాయి నాన్నగారి ఫోటో చివరికి వాళ్ల మేనత్త పాత ఫోన్‌లో దొరికింది. మనవరాలి బారసాల రోజున ఆవిడే తీసిన జేపీజీ, 4160 పిక్సెళ్ల వెడల్పు, తీసినప్పటి నుంచి ఎవరూ ముట్టుకోనిది. కళ్లజోడులో వరండా వెలుగు కూడా కనిపిస్తోంది. ఫ్లెక్సీకి అదే వేశాను.